పాపాయమ్మగారి తోటలో రైలు

కాఫీ మీద మీగడ కట్టింది. పాపాయమ్మ దాని వంక కన్నెత్తి చూడలేదు.

పొద్దున్నే వచ్చి తమ్ముడి వీధరుగు మీద కూర్చుందావిడ. లోపలికి రాదు. ఇంటికి పోదు. పుట్టిపెరిగిన అరుగే, అయినా పరాయివాళ్ళ గుమ్మంలో కూర్చున్నట్టు ఓ చివర ఒదిగి, పమిట నిండుగా కప్పుకుని వీధి వంకే చూస్తోంది. దారిన పోయేవాళ్ళు "ఏమ్మా, తమ్ముడింటికొచ్చారా?" అని పలకరిస్తే, "తమ్ముడా? ఎవరా తమ్ముడు?" అంటోంది. అదీ లోపలికి వినపడేలా అంటోంది.

బుల్లబ్బాయి కిటికీ ఊచల్లోంచి అక్కగారి వీపు చూస్తూ నిలబడ్డాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కొబ్బరి దింపేవాళ్ళ మీద కేకేస్తే అవతలి లంకకి వినపడే గొంతు. అలాంటివాడు ఇప్పుడు సొంత ఇంట్లో పెళ్ళాంతో గుసగుసలాడుతున్నాడు.

"ఏమంటోంది?"

"వీపు ఏమంటుందండీ? మీరూ చూస్తున్నారుగా," అంది సుప్రియ.

"కాఫీ మార్చి చూడు. పంచదార తక్కువైందేమో."

"మార్చానండి. అది మార్చిన కాఫీయే."

పాపాయమ్మది అదే ఊళ్ళో కాపురం. ఊరి చివర కొబ్బరితోటలో ఇల్లు. రోజూ పాలు పితకడం అవగానే చేను గట్టు మీదుగా తమ్ముడింటికి వస్తుంది. కాఫీ తాగుతుంది. అందులో ఏదో ఒక వంక పెడుతుంది. పోతుంది. ఆ వంక పెట్టకపోతే ఆవిడకి తెల్లారదు, అది వినకపోతే బుల్లబ్బాయికి తెల్లారదు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆయన్ని "ఒరే" అనే నోరు అదొక్కటే మిగిలింది.

ఆ నోరే నిన్న సాయంత్రం తీర్పు చెప్పేసింది. "ఆ రైలు సంగతి తేల్చు. తేల్చేదాకా నీ ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టను. రేపు వచ్చి కూర్చుంటాను. పొద్దుగూకేలోపల తేలిందా సరే. లేదా, ఇంక ఈ గడప తొక్కను."

రైలంటే ఏదో కూతపెట్టుకుంటూ పోయే అసలు రైలనుకునేరు! గున్నంమెరక ఊరికి రైలెక్కడిది? తాతల నాటినుంచీ వస్తుంది వస్తుంది అంటున్నారు. ఎవరో వస్తారు, ఎర్ర జెండాలు పాతుతారు, పోతారు. ఆ జెండాగుడ్డలతో పిల్లలు గాలిపటాలు కడతారు. చూసీ చూసీ విసుగెత్తిపోయిన బుల్లబ్బాయి, వాళ్ళు వేసేదేంటి నేనే వేసుకుంటానని, హాల్లో సోఫా తీయించి, పెద్ద ప్లైవుడ్ చెక్క పరిపించి, ఊరు ఊరంతా దాని మీద కట్టేశాడు.

పట్టాలూ ఇంజనూ మూడు పెట్టెలూ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించినవి. మిగతాదంతా చేత్తో చేసిందే. కొబ్బరి ఈనెలకి జనపనార చుట్టి చెట్లు చేశాడు, ఆకుపచ్చ రిబ్బను కత్తిరించి మట్టలు పెట్టాడు. నేలకి కొబ్బరిపొట్టు. కాలువకి పగిలిన అద్దం. పట్టాల కింద కంకరకి గోదారి ఇసుక. దాన్ని జల్లించిన టీ వడపోత మళ్ళీ వంటింటి మొహం చూడలేదు. అట్టలన్నీ వచ్చిపడ్డ శుభలేఖలవే. అలా బీరువా పైనున్న పెళ్ళిళ్ళన్నీ గోడలైపోయాయి. మనుషులు అగ్గిపుల్లలు.

ఇంతవరకూ బాగానే ఉంది. సుప్రియ తమ్ముడు లోకనాథ్ వచ్చి వీడియో తీశాడు. తీసినవాడు ఊరుకోక ఊరి గ్రూపులో పెట్టాడు. పెట్టినవాడు కింద "మన ఊరి రైల్వే లైన్ ఇదే" అని రాశాడు. అంతే. గంటలో ఊరంతా ఖాయం చేసుకుంది. బుల్లబ్బాయిగారికి పైనుంచి మ్యాపు అందిందట, అది చూసే కట్టారట, లేకపోతే అంత కచ్చితంగా ఎలా కడతారు! పొద్దున్నించి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, చెక్క మీదికి వంగి, తమ తమ చేలు వెతుక్కుని పోతున్నారు.

ఆ లైను సరిగ్గా పాపాయమ్మ తోట మధ్యలోంచి పోతోంది.

"తీసేయండి," అంది సుప్రియ. "మీకు రైలు ముఖ్యమా, అక్కగారు ముఖ్యమా?"

"తియ్యడమంటే నూలుపోగా లాగేయడానికి? వంపు వంపులా తిరక్కపోతే ఇంజను బోల్తా కొడుతుంది. ఆ మూల తోటలోంచి పోవాల్సిందే."

"మరి స్టేషన్ అయితే నేను అడగ్గానే పెట్టేశారు."

"నువ్వన్నావనే గదా! 'మా తమ్ముడి చేను చదునుగా ఉంటుందండి' అన్నావు. చదునుగానే ఉంది, పెట్టాను."

"అంటే తప్పు నాదా?"

ముప్ఫయ్యేళ్ళ సంసారంలో బుల్లబ్బాయి నేర్చుకున్నది ఏదైనా ఉందంటే, ఈ ప్రశ్నకి జవాబు చెప్పకూడదనే.

"సాయంత్రం తమ్ముడొస్తాడు," అంది సుప్రియ. "వాళ్ళ మావగారికి స్టేషన్ చూపిస్తాడట. మొగల్తూరు నుంచి వచ్చి ఇక్కడ చేను కొన్నాడని వాళ్ళకి లోకువ. ఇప్పుడు స్టేషన్ పక్క చేను అయిందని తెగ సంబరపడుతున్నాడు. ఆ లోపల ఈ గొడవ సర్దండి."

ఇంతలో పెరటి వైపునుంచి చప్పుడు కాకుండా సత్యప్రసాద్ వచ్చాడు. పాపాయమ్మ మొగుడు. మంచివాడు. మాట తక్కువ.

"మీ అక్క చూడలేదు కదా?" అన్నాడు.

"లేదు బావగారూ. రండి. అక్క ఏమన్నా తిన్నదా ఇంటి దగ్గర?"

"తినలేదు. నన్నూ తిననివ్వలేదు. అమ్మా సుప్రియా, కాఫీ ఉందా? మీ వదినగారికి చెప్పకు."

సుప్రియ ఇచ్చిన కాఫీ నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, ఆయన చెక్క దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు వంగి చూశాడు. చివరికి వేలు పెట్టాడు.

"బుల్లబ్బాయ్, ఇది నా బోరేనా?"

"బోరేనండి. బాల్‌పెన్ను రీఫిలు ముక్క."

"దీని మీదుగా పోతోందేంటయ్యా లైను?"

"బావగారూ, ఇది బొమ్మండీ."

"నాకు తెలీదేంటి, బొమ్మే. అయినా ఓ నాలుగంగుళాలు అటు జరిపేవంటే బోరు దక్కుతుంది. నీకేం పోయింది చెప్పు? తీపి నీళ్ళ బోరది. చుట్టుపక్కల అన్నీ ఉప్పుకయ్యలే."

"ఇక్కడ నేను జరిపితే అక్కడ జరుగుతుందా అండీ?"

"జరగదనుకో," అన్నాడు సత్యప్రసాద్. "అయినా జరుపు."

వచ్చిన దారినే పెరట్లోంచి పోయాడు. పోతూ పోతూ ఓ జంతిక పట్టుకెళ్ళాడు.

బుల్లబ్బాయి మళ్ళీ కిటికీ దగ్గరికెళ్ళాడు. ఎండ అరుగు మీదికి ఎక్కింది. పాపాయమ్మ జరగలేదు. మెడ మీద చెమట కనిపిస్తోంది. ఆవిడకి ఎండ పడదు. చిన్నప్పుడు బడికి పోతుంటే తమ్ముడి నెత్తిన పలక పెట్టి, తన నెత్తిన చెయ్యి పెట్టుకుని నడిచిన మనిషి. రేపు పొద్దున్న ఆ గట్టు మీద మనిషి రాకపోతే, ఆ కాఫీ ఎవరికి పెట్టాలి?

"అట్లకాడ ఇవ్వు," అన్నాడు భార్యతో.

"దేనికి?"

"ఇవ్వవే."

పట్టాల పొడుగునా నీళ్ళు చిలకరించాడు. ఇసుకలో కలిపిన ఫెవికాల్ నానేదాకా ఆగి, అట్లకాడ కిందికి దోపి పట్టాలు పైకి లేపాడు. నాలుగంగుళాలు లోపలికి జరిపి పట్టి చూశాడు. ఇక్కడ తోట బయటపడింది. బోరూ బయటపడింది. కానీ ఇటు నాలుగంగుళాలు జరిగితే అటూ జరగాలి కదా. అటు చివర ఉన్నది తమ ఇల్లే.

ఆ ఒక్కటీ సుప్రియ చేసింది. ముందు పెంకులు, వెనక డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకు. ముడతల అట్ట పైపొర ఒలిచి ఒక్కో పెంకు వరసా అతికించింది. దండెం కట్టి, దాని మీద తన పాత చీర అంచు ముక్క ఆరేసింది. వీధరుగు కూడా పెట్టింది.

బుల్లబ్బాయి భార్య మొహం చూశాడు. వద్దని గానీ కానివ్వమని గానీ ఏదో ఒకటి అంటే బాగుండును. పొయ్యి మీద కుక్కరు మాత్రం కూతపెట్టింది.

ఆయన బ్లేడు తీసుకుని ఇంటి పునాది చుట్టూ కోశాడు. మెల్లిగానే లాగాడు, అయినా అరుగు మూల విరిగింది. సుప్రియ ముందుకొచ్చి ఇంటిని ఆయన చేతుల్లోంచి తీసుకుంది. పోయి పీట మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

ఇల్లున్న చోట పట్టాలు పడ్డాయి. ఇంజను పెట్టి స్విచ్చి నొక్కాడు. వంపు తిరిగింది. బోల్తా పడలేదు. తోట పక్కనుంచి, ఒక్క కొబ్బరి మట్టని కూడా తాకకుండా పోయింది.

బుల్లబ్బాయి గుమ్మంలోకి ఉరికాడు.

"అక్కా! రా. తేల్చేశాను. నీ తోట జోలికి పోతే ఒట్టు!"

పాపాయమ్మ తల తిప్పింది. పొద్దుట్నుంచీ మొదటిసారి తిప్పింది. లేచి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడి, లోపలికొచ్చింది. చెక్క పక్కన నిలబడి చూసింది. రైలు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది.

ఆవిడ తన తోట మీదికి వేలు చాచింది.

"లైను తీసేశావేంట్రా?"

"నీకోసమే గదక్కా!"

"నిన్ను తియ్యమన్నదెవర్రా!"

బుల్లబ్బాయి చేతిలో అట్లకాడ ఇంకా అలాగే ఉంది.

"నువ్వే! రైలు సంగతి తేల్చమన్నావు!"

"తేల్చమన్నాను. తియ్యమన్నానా? ఒరే, ఆ ఫోనులో బొమ్మ చూసి నేనెంత మురిసిపోయానో నీకేం తెలుసురా! మా కొబ్బరిచెట్ల మధ్యలోంచి వచ్చింది రైలు. మా పాక పక్కకొచ్చింది. ఇదిగో ఆగుతుంది, ఇదిగో ఆగుతుంది అని చూశాను. ఆగలేదు! నా మొహాన దుమ్ము కొట్టి పోయి, లోకనాథ్ చేలో ఆగింది. సొంత అక్క తోటలో ఆగని రైలు, మొన్న మొన్న ఊళ్ళోకొచ్చిన బావమరిది చేలో ఆగుద్దా?"

"అక్కడ పెట్టమన్నది నేనేనండి వదినగారూ," అంది సుప్రియ పీట మీంచే. "చదునుగా ఉంటుందని."

"అనే ఉంటావు."

రైలు మాత్రం ఊరుకోకుండా తిరుగుతూనే ఉంది. బుల్లబ్బాయి స్విచ్చి ఆపాడు.

"స్టేషనుతో నీకేం పనక్కా?" అన్నాడు. "నీ తోటకీ మనింటికీ మధ్య గట్టి కేక పెడితే వినపడేంత దూరం. నడిచేగా వస్తావు."

అంతే, పాపాయమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది.

"నడిచే వస్తాను! అదేరా నా ఏడుపు! నాన్న మనిద్దర్నీ సామర్లకోట భీమేశ్వరుడి దగ్గరికి తీసికెళ్ళినప్పుడు గుర్తుందా? గుళ్ళోకంటే స్టేషన్లోనే ఎక్కువసేపు ఉన్నాం. నువ్వు రైలు దగ్గర్నుంచి రానని కింద పడి దొర్లావు. ఒకావిడ ట్రంకు పెట్టెతో దిగింది. తమ్ముడెవరో పరిగెత్తుకొచ్చి పెట్టె అందుకున్నాడు. పుట్టింటికొచ్చిందిరా ఆవిడ. నేనూ అలా వస్తాననుకున్నాను. ఆ మరుసటేడే నన్ను ఊళ్ళోనే ఇచ్చేశారు. పెళ్ళైన మూడోనాడు పుట్టింటికి ఎలా వచ్చానో తెలుసా? చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు మీద బురదలో. అమ్మ వాకిలి ఊడుస్తోంది. తలెత్తి చూసి, 'వచ్చావా, ఆ చాట ఇలా అందుకో' అంది."

బుల్లబ్బాయికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

"నవ్వరా, నవ్వు. ఈ సుప్రియ పుట్టింటికెళ్ళినప్పుడల్లా బస్సు దాకా వెళ్ళి సంచి అందించేది ఎవరు? నేను. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపేది ఎవరు? నేను. నాకు చెయ్యి ఊపినవాళ్ళు ఉన్నారా ఈ భూమ్మీద? అసలు రైలు నా కళ్ళు చూడవు, నాకు తెలుసు. బొమ్మ రైలైనా నా తోటలో ఎక్కించుకుని, తీసుకొచ్చి నా పుట్టింటి ముందు దింపకూడదా అని..." ఆవిడ చెక్క మీదికి వంగింది. ఆ మూలా ఈ మూలా వెతికింది. "ఒరే. మన ఇల్లేదిరా?"

బుల్లబ్బాయి తలొంచుకున్నాడు. ఇంత మంచి పని జీవితంలో ఇంకెప్పుడూ చేయకూడదనుకున్నాడు.

సుప్రియ లేచింది. ఒళ్ళోని ఇల్లు చేతుల్లోకి తీసుకుని వచ్చింది. విరిగిన అరుగు మూల అతికించి ఉంది, జిగురింకా తడిగానే ఉంది. ఆ ఇంటిని పట్టుకుని చెక్కంతా కలయజూసింది. కాలువ పక్కన చోటు లేదు. బడి పక్కన లేదు. ఉన్నది ఒక్కటే చోటు.

తమ్ముడి చేలో ఉన్న స్టేషన్ కిందికి ఆవిడే గోళ్ళు దోపింది. టపుక్కున ఊడొచ్చింది. పసుపు పేరు బల్లతో సహా తీసి పాపాయమ్మ చేతుల్లో పెట్టింది. ఆ ఖాళీలో ఇంటిని ఆనించింది.

"ఇక్కడ చదునుగా ఉంటుందండీ వదినగారూ," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొగుడి వైపు గానీ వాకిలి వైపు గానీ చూడలేదు.

పాపాయమ్మ స్టేషన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆవిడకి మాట రాలేదు. అది రాకపోవడం బుల్లబ్బాయి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తోట కంచె పక్కన, పట్టాల అంచున స్టేషన్ కుదురుగా కూర్చుంది. తోటా దక్కింది, బోరూ దక్కింది, స్టేషనూ వచ్చింది. బుల్లబ్బాయి ఒక అగ్గిపుల్ల తీసి, అంచుగుడ్డ పీలిక చుట్టి, వెనక పెట్టె మీద నిలబెట్టాడు.

"నేనేనా అది? నా కొప్పు ఎర్రగా ఉందేంట్రా?"

"అగ్గిపుల్లక్కా. నీకు అదే సరిపోతుంది."

"ఏడిశావు. పోనీ నెమ్మదిగా."

రైలు కదిలింది. పాపాయమ్మ రైలుతోపాటే చెక్క చుట్టూ నడిచింది, మోకాలు నొప్పి సంగతే మరిచిపోయి. కాలువ దాటింది. బడి దాటింది. ఇటు వైపు నిలబడ్డ సుప్రియ ఉన్నట్టుండి చెయ్యెత్తి ఊపింది. అగ్గిపుల్లకి కాదు, వదినగారికే. రైలు వెళ్ళి పెంకుటింటి అరుగు ముందు ఆగింది.

"దింపు, దింపు," అంది పాపాయమ్మ. "పెట్టె ఎవరందుకుంటారు?"

బుల్లబ్బాయి రెండు వేళ్ళతో అగ్గిపుల్లని అందుకోబోతున్నాడు. వాకిట్లో మోటార్‌సైకిలు ఆగింది.

"అక్కా!" లోకనాథ్ గొంతు. "మావయ్యగార్ని తీసుకొచ్చాను! ముందు స్టేషన్ చూశాకే కాఫీ అంటున్నారు!"

హాల్లో ముగ్గురూ కొయ్యబారిపోయారు. ముందు తేరుకున్నది పాపాయమ్మ. గబగబా తోట దగ్గరికెళ్ళి, స్టేషన్ని లాగి, పమిట కిందికి తోసేసింది. అంతే గబగబా అరుగు మీది కాఫీ గ్లాసు తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని, మీగడతో సహా ఓ గుక్క వేసింది.

"పంచదార ఎక్కువేశావు సుప్రియా," అంది.

బుల్లబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. అదే క్షణంలో గుమ్మంలో లోకనాథ్ నిలబడ్డాడు. వెనక తెల్లపంచె మావగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. లోకనాథ్ నవ్వు మొహంతో చెక్క వైపు వేలు చూపించబోయి, ఆగిపోయాడు. తన చేలో ఎవరిదో పెంకుటిల్లు. దండెం మీద చీర.

"బావగారూ," అన్నాడు, "నా స్టేషనేదండీ?"

బుల్లబ్బాయి భార్య వంక చూశాడు. సుప్రియ వదినగారి వంక చూసింది. పాపాయమ్మ పమిట అంచు కిందనుంచి పసుపు బల్ల మూల కొంచెం బయటికి కనిపిస్తోంది. ఆవిడ ఇంకో గుక్క కాఫీ తాగింది.

"ఏ స్టేషను నాయనా?" అంది.